లిప్నిక్‌లో ఎక్కేవాళ్ళు లేరు

"లిప్నిక్‌లో రైలు ఆగదు" అని రైలు అటెండెంటు లిబుషె చావుకబురు చల్లగా చెప్పింది. చేతిలో కాఫీ పళ్ళెం, మొహంమీద కంపెనీ నేర్పిన చిరునవ్వు.

కిటికీ పక్కన కూర్చున్న రదిమ్ అదిరిపడి లేచాడు. నల్ల సూటు, కోటుకి పెళ్ళికొడుకు గుర్తుగా గుచ్చిన పచ్చటి రెమ్మ.

"ఆగకపోవడమేమిటండీ? పదకొండింటికి లిప్నిక్ టౌన్‌హాల్లో నా పెళ్ళి!"

"అభినందనలు సార్. కాఫీ తీసుకోండి. మా లిష్కా రైళ్ళలో కాఫీ ఉచితం."

"కాఫీ ఎవడిక్కావాలి! మా వెనకే ఇంకో జంట వరసలో ఉంది. నేను లేకపోతే మేయరు వాళ్ళ పెళ్ళి చేసేసి భోజనానికి పోతాడు. మళ్ళీ మా వంతు వచ్చేసరికి చలికాలం వస్తుంది."

లిష్కా కంపెనీవాళ్ళు ప్రాగ్ నుంచి ఒస్త్రవ దాకా కనిపించిన గోడమీదల్లా ఒకే మాట రాయించారు: 'సమయానికి చేర్చకపోతే టికెట్టు డబ్బు వాపసు.' సర్కారు రైళ్ళని వెక్కిరించడానికి అన్న మాట అది. అనడమైతే అన్నారు గానీ, నిలబెట్టుకోవడమెలా? రైలు ఆలస్యమైతే మధ్యలో ఓ ఊరిని ఎగరగొట్టెయ్యడమే. ఊరు పోయినా ఫరవాలేదు, మాట పోకూడదు.

ఆ రోజు రైలు కాస్త వెనకబడింది. లిబుషె రైలు ఆ నెల్లో అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి కూడా అయితే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే. అందుకని ఆవిడ చిరునవ్వు బిగించి నిలబడింది.

"ఒక్క క్షణం ఆపండి మేడమ్, దూకేస్తాను."

"లిప్నిక్‌లో దిగేది మీరొక్కరే సార్. ఎక్కేవాళ్ళు అసలే లేరు." చేతిలోని ఫోను తిప్పి చూపించింది. "ఇదిగో, అక్కణ్ణించి ఒక్క టికెట్టూ అమ్ముడుపోలేదు. మీ ఒక్కరి పెళ్ళికోసం ఇంతమందిని ఆలస్యం చెయ్యమంటారా?"

ఎదుటి సీట్లో ఓ పెద్దావిడ బూట్లు విప్పేసి, ఇంటినుంచి తెచ్చుకున్న బ్రెడ్డూ మాంసమూ నముల్తోంది. "సర్కారు రైలెక్కాల్సింది నాయనా" అంది తీరిగ్గా. "ఆలస్యమైనా ఆగి చచ్చేది."

ఇంతలో లిబుషె ఫోను మోగింది. ఇంజన్లోంచి డ్రైవరు హినెక్.

"లిబుషమ్మా, లిప్నిక్‌లో ఆగకపోతే మరి..."

"ఆగడం లేదు హినెక్ గారూ. ఆఫీసు ఆజ్ఞ."

"అది కాదమ్మా, అక్కడ..."

"అక్కడ ఎవరూ లేరు, నేను చూశాను. మీ పని నడపడం. నడపండి."

పెట్టేసింది. మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తనే లేదు. డ్రైవరుకి కూడా సలహాలు ఇచ్చే రోజులొచ్చాయని పళ్ళు నూరుకుంది.

లిప్నిక్ వచ్చింది. వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద తెల్లగౌనులో పెళ్ళికూతురు రొజాలియా, పక్కన ప్లం సారా సీసాతో ఆవిడ తండ్రి, వెనక చుట్టాలు, అందరూ నోళ్ళు తెరిచి చూస్తూ ఉండిపోయారు. రదిమ్ కిటికీ అద్దాన్ని పిడికిళ్ళతో బాదాడు. నీలంకోటు వేసుకున్న ఒకాయన మాత్రం భుజాన సంచీతో, రెండు చేతులూ ఊపుతూ రైలు పక్కనే పరిగెత్తాడు. లిబుషె శిక్షణలో నేర్పినట్టే ఆయనకి నవ్వుతూ చెయ్యి ఊపింది.

"చూశారా సార్, ఆగకపోయినా జనానికి మా కంపెనీ అంటే ఎంత అభిమానమో!"

రదిమ్ ఏదో అనబోయేలోపల రైలు నెమ్మదించింది. ఆవపూల చేలమధ్య, స్టేషనంటూ లేనిచోట నిలబడిపోయింది. కాసేపటికి హినెక్ చేతులు తుడుచుకుంటూ పెట్టెలోకి వచ్చాడు.

"ఇదేమిటి హినెక్ గారూ, ఆపారేం?" లిబుషె గొంతు కీచుమంది.

"నా డ్యూటీ గంటలు నిండిపోయాయమ్మా. ఇంక నడిపితే నా లైసెన్సు పోతుంది. లిప్నిక్‌లో నన్ను దింపి మతోష్ ఎక్కాలి."

"ఎక్కేవాళ్ళు లేరని ఫోన్లో..."

"డ్రైవరు టికెట్టు కొనుక్కుని ఎక్కుతాడా తల్లీ? నీలంకోటులో పరిగెత్తాడే, వాడే. ఇప్పుడే ఫోన్లో చెప్పాడు, నువ్వు చెయ్యి కూడా ఊపావట. రెండుసార్లు చెప్పబోయాను, నడపమన్నావు. నడిపాను."

లిబుషె మొహంమీద చిరునవ్వు మొదటిసారి జారిపోయింది. ఉద్యోగం ఆవపూలలో కలిసిపోతూ కనిపించింది. కాఫీ పళ్ళెం పెద్దావిడ ఒళ్ళో పెట్టేసి తల పట్టుకుంది.

ఆదుకున్నది రదిమ్ ఫోనే. అవతల రొజాలియా. "మీ రైలు చేలమధ్య ఆగిపోయిందని నీలంకోటాయనకి ఫోనొచ్చింది. ఆయన్ని కూడా నా కార్లో ఎక్కించుకుని వస్తున్నాను. నువ్వు రైలు దిగి రోడ్డుమీదికి రా. ఇప్పుడు తిరుగుముఖం పడితే మేయరు దొరుకుతాడు."

లిబుషెకి ప్రాణం లేచొచ్చింది. మైకు అందుకుంది. "ప్రయాణికులకు గమనిక. కొత్త డ్రైవరుగారు ప్రత్యేక వాహనంలో విచ్చేస్తున్నారు. లిష్కా ఎప్పటిలాగే మిమ్మల్ని సమయానికి చేరుస్తుంది."

చేల పక్క రోడ్డుమీద తెల్లరిబ్బన్లు కట్టిన కార్లు హారన్లు మోగిస్తూ వచ్చాయి. రదిమ్ కట్ట మీంచి దిగి పరిగెత్తాడు. స్టీరింగు వదిలేసి రొజాలియా ఎదురొచ్చి అతన్ని కావిలించుకుంది. లిబుషె ఎత్తుమడమల బూట్లతో పడుతూ లేస్తూ కారు దగ్గరికి చేరింది.

"మతోష్ గారూ, త్వరగా! మీరు బండెక్కితే ఇప్పటికైనా సమయానికే పోతాం!"

మతోష్ కారులోంచి దిగాడు. నీలంకోటుకి పెళ్ళివారి రిబ్బను వేలాడుతోంది, చేతిలో ఖాళీ సారా గ్లాసు.

"రైలెలాగూ వెళ్ళిపోయిందిగా తల్లీ" అన్నాడు, నిలబడడానికి కారు తలుపు పట్టుకుంటూ. "మన మొరావియా సీమలో పెళ్ళివారు పోస్తుంటే వద్దంటామా?"