హద్దురాయి కింది సగం

"ఈ రాయి మీద చెయ్యేస్తే చెయ్యి విరుగుతది మేడం. ముందే చెప్తున్న," అన్నాడు కిష్టయ్య, పార అడ్డం పెట్టి.

పద్మజ ఒక అడుగు వెనక్కి వేసింది. పాతకాలపు ఎముకల మీద పరిశోధన చేసే మనిషి ఆమె. నిరుడు ఆ మెట్టచెలకల పక్క వాగులో దొరికిన పళ్లు, దవడ ముక్కలు చూసి, అవి మాంసం తినే రాక్షసబల్లివనీ, ఇంతవరకు ఎవరికీ తెలియని రకమనీ తేల్చింది ఆమె బృందమే.

"ఇది రాయి కాదండీ. ఆ జంతువు తొడ ఎముక. కోట్ల ఏళ్లకు రాయిలా మారింది."

"ఏదైతే నాకేంది? తాతల నాటి నుంచి ఈ రాయే రెండు చెలకలకు హద్దు. నా చిన్నతనంల ఇది గీడ లేకుండె, నాకు యాదికుంది. మా అన్న నా దిక్కు జరిపి భూమి మింగిండు. నువ్వు ఇది ఎత్తుకపోతే మిగిలింది గూడ మింగుతడు."

గెట్టు అవతల అన్న జోగయ్య బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. అన్నదమ్ములు మాట్లాడుకోక తొమ్మిదేళ్లు. తప్పనిసరైతే ఇద్దరూ గాలితో మాట్లాడతారు.

"బాయి నీళ్ల కింద సీడు పత్తి పండించేటోడు బాగున్నడు. వాన కోసం మొగులు దిక్కు చూసేటోడు మింగిండంట," అన్నాడు జోగయ్య గాలితో.

"మింగింది అరగకనే గట్ల ఎండిండు," అన్నాడు కిష్టయ్య, అదే గాలితో.

పద్మజ వంగి, రాయి మొదట్లో మట్టి తీసి చూసింది.

"అడుగున విరిగి ఉంది. ఎవరో పెకలించి తెచ్చి ఇక్కడ పాతారు. కింది సగం మొదట ఉన్నచోటే భూమిలో ఉండాలి."

కిష్టయ్య చేతిలో పార దిగింది. "అంటే, అది దొరికితే అసలు హద్దు దొరికినట్టేనా?"

"రెండు ముక్కలూ అతికితే ఇంక అనుమానం ఏముంటుంది?"

"అయితే తవ్వు మేడం. వాని చెలకంత తవ్వు."

తవ్వకానికి ఒప్పుదల కోసం పద్మజ తెచ్చిన కాగితం మీద కిష్టయ్య పట్టుబట్టి ఇంకో మాట రాయించాడు. కింది సగం ఎక్కడ దొరికితే అక్కడే హద్దు, ఇద్దరూ కట్టుబడాలి. గీత చిరిగేలా ఒత్తి సంతకం పెట్టాడు.

జోగయ్య కాగితం ముట్టుకోలేదు. తొమ్మిదేళ్లకు మొదటిసారి తమ్ముడి మొహం చూసి మాట్లాడాడు.

"వద్దు తమ్మీ. ఉన్నకాడ ఉండనియ్యి."

"చూసినవా మేడం, దొంగకు ఎట్ల చెమట పడుతదో," అని అన్న వైపు తిరిగాడు కిష్టయ్య. "నువ్వు నాయనకు పుట్టినోడివే అయితే పెట్టు."

జోగయ్య బీడీ పారేసి సంతకం పెట్టాడు.

మూడు రోజులు జోగయ్య చెలకలో తవ్వారు. గుంత ఒడ్డునే కూర్చుని కిష్టయ్య కూలీలను, అన్నను కలిపి తిట్టాడు. ఏమీ దొరకలేదు.

నాలుగో రోజు పొద్దున పద్మజ నేల మీది ఎముక పెచ్చులు ఏరుకుంటూ కిష్టయ్య పొలంలోకి నడిచింది. బాయి దాటింది. ఇంకో పది అడుగులు వేసి, ఇక్కడ తవ్వమంది. మూరెడు లోతులో పార ఖంగుమంది. పై ముక్క మోసుకొచ్చి పెడితే, పగులుకు పగులు వెంట్రుక దూరకుండా అతికింది.

పద్మజ ఫొటోల మీద ఫొటోలు తీస్తోంది. కిష్టయ్య బాయి వైపు చూశాడు. కాగితం ప్రకారం బాయి ఇప్పుడు అన్న భాగంలో ఉంది.

"మరి రాయి జరిపింది ఎవరు?" అన్నాడు.

"నేనే," అన్నాడు జోగయ్య. "బాయి చిన్నోని పాలుకు రావాలని, నాయన నా చేతికి గడ్డపార ఇచ్చిండు."