చివరి చుక్క

"శుక్లం ఆపరేషన్ అయ్యాక నెల రోజులు బరువులెత్తకూడదు. ముందుకు వంగకూడదు. కన్ను నలపకూడదు," అంది కంటి డాక్టరమ్మ.

"కత్తి ఎత్తొచ్చా?" అడిగాడు మాంసం కొట్టు పెద్దాయన.

డాక్టరమ్మ నవ్వేసింది. "పని మీద అంత ప్రేమా! నాలుగు వారాలు ఓపిక పట్టండి. చుక్కల మందు అయిపోయాక మీ కొట్టు మీది, మీ కత్తి మీది."

పెద్దాయన నవ్వలేదు. ఆయన అడిగింది మేకల సంగతి కాదు.

మూడు నెలల క్రితం, తెల్లవారుతూ ఉండగా, కొట్టు వెనక సందులో ఆయన ఒక్కగానొక్క కొడుకుని ఎవడో ఇనప రాడ్డుతో కొట్టి చంపాడు. కొట్టే ఇల్లు కాబట్టి, పెద్దాయన వెనక గుమ్మంలోంచి చూశాడు. రాడ్డు లేవడం మసగ్గా కనిపించింది. దిగడం మాత్రం స్పష్టంగా వినిపించింది. ఏడుసార్లు. కొట్టినవాడి మొహం అలుక్కుపోయింది. ఈయన పరిగెత్తి వెళ్లేసరికి వాడు సందు దాటేశాడు. కొడుకు తల ఒళ్లోకి తీసుకుంటే, గట్టిగా తగలాల్సిన చోట చేతికి మెత్తగా తగిలింది.

కళ్లలో మిగిలిందల్లా వాడి ఒంటి మీది పసుపు రంగు.

ఆ వీధిలో పసుపు చొక్కా వేసేవాడు ఒక్కడే. గోడలకు రంగులేసే పెయింటరు. రంగుల కంపెనీ ఊరికే ఇచ్చిన చొక్కా కదాని రోజూ అదే తొడిగేవాడు. పైగా ఆ ముందు వారమే కొడుకు వాడి చెంప పగలగొట్టాడు. ఆ మాటకొస్తే, కొడుకు చేత దెబ్బలు తినని మగాడు ఆ చుట్టుపక్కల లేడు. అక్క మీద చెయ్యి చేసుకున్నాడని సొంత బావనే బేకరీ ముందు నిలబెట్టి, జనమంతా చూస్తుండగా చెప్పుతో కొట్టిన ఘనుడు.

"పసుపు చొక్కాలు ఎంతమందికి లేవు?" అని పోలీసులు పెయింటర్ని వదిలేశారు.

పెద్దాయన వదల్లేదు. మర్నాడే వాడి ఇంటి మెట్ల మీద కాపు కాసి కత్తితో వేటు వేశాడు. మెడకు పెట్టిన గురి చేతి మీద పడింది. మూడు వేళ్లు తెగి మెట్ల మీద దొర్లాయి.

"నేను కాదు బాబోయ్! నా పిల్లల మీద ఒట్టు!" అని అరుస్తూ, నెత్తురోడే చెయ్యి కడుపుకు అదుముకుని వాడు పారిపోయాడు. మళ్లీ కనపడలేదు.

నలభై ఏళ్లుగా కత్తి పట్టిన మనిషికి గురి తప్పడం అదే మొదటిసారి. కొడుకు పోయిన దుఃఖం మీద ఈ సిగ్గొకటి. అన్నం సయించలేదు.

"ముందు కళ్లు చూపించుకోండి మావయ్యా," అన్నాడు అల్లుడు. "కుడి కన్ను ఆపరేషన్ చేయించుకోండి. వాడెక్కడ దాక్కున్నాడో నేను కనుక్కుంటాను. ఈసారి తప్పకూడదు."

ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. నొప్పి లేదు. కంటి నిండా తెల్లటి వెలుగు, ఏదో చల్లగా పారుతున్నట్టు.

"గాటు ఎంత పెట్టారమ్మా?"

"బియ్యపు గింజలో సగం."

పెద్దాయనకు అసూయ కలిగింది.

మర్నాడు కట్టు విప్పారు. "శుక్లం మురికి పట్టిన గాజులాంటిది. చూపునే కాదు, రంగుల్ని కూడా మార్చేస్తుంది. ఈ కంటికి ఇప్పుడు అన్నీ కొత్తగా కనిపిస్తాయి, కంగారుపడకండి. ఎడమ కంటి శుక్లం తర్వాత తీద్దాం," అంటోంది డాక్టరమ్మ.

పెద్దాయన వినడం లేదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తున్నాడు. ముల్లు కనిపిస్తే మెడ కనిపించదా! పక్కనే ఉన్న కూతురి కనుబొమ్మ మీద ఒక మచ్చ కూడా కనిపించింది.

"ఏంటమ్మా అది?"

"తలుపు తగిలింది నాన్నా," అంది కూతురు చీర కొంగు సర్దుకుంటూ.

నాలుగు వారాలు అల్లుడు ఆయన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. బేకరీలో పని అవ్వగానే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చేవాడు. చుక్కలు వేసేవాడు. "రెండు కళ్లూ మూసుకోండి మావయ్యా, రెండు నిమిషాలు," అనేవాడు. కత్తికి సాన పట్టించి తెచ్చిందీ అతనే.

రోజూ పొద్దున్నే పెద్దాయన ఎడమ కన్ను అరచేత్తో మూసి కొత్త కన్ను పరీక్షించుకునేవాడు. కుడి కన్ను మూసి చూసింది లేదు. పాత కంటితో ఇక పనేముంది?

చివరి రోజు ఇంకా తెల్లవారుతుండగానే అల్లుడు తలుపు తట్టాడు. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, ఒంటి మీద బేకరీ కోటు అలాగే ఉంది.

"దొరికాడు మావయ్యా. వాళ్లన్న ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడైతే నిద్రలో ఉంటాడు."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "నీ కోటు ఎంత తెల్లగా ఉంది అల్లుడూ," అన్నాడు.

"కొత్త కన్ను కదా మావయ్యా. చివరి చుక్క వేయించుకుని బయల్దేరండి."

కుడి కంట్లో చుక్క పడింది. "రెండు నిమిషాలు తెరవకండి. ఈలోగా సందులో ఎవరైనా ఉన్నారేమో చూస్తాను," అని అల్లుడు వెనక గుమ్మం దాటాడు.

పెద్దాయన రెండు నిమిషాలు ఆగలేకపోయాడు. కుడి కన్ను మూసే ఉంచి, ఎడమ కన్ను తెరిచి, బల్ల మీది కత్తి అందుకుని వెనక్కి తిరిగాడు.

కొడుకు పడిన చోటే, అదే తెల్లవారు వెలుగులో, మొహం అలుక్కుపోయి, ఒంటి మీద అదే పసుపు రంగుతో అల్లుడు నిలబడి ఉన్నాడు.