ముందు సీటు బెల్టు

"ఆ మూడు బెల్టులూ బురద కక్కుతున్నాయి. నా వైపుది చూడు, తెల్లటి నురుగే! పాత కారని మొహం మాడ్చుకున్నావుగా, అన్నయ్యా?" అంది ఆమె.

కారు కొని వారమైంది. బెల్టులు పూర్తిగా బయటికి లాగి, వెనక్కి పోకుండా క్లిప్పులు పెట్టి, భార్యాభర్తలు సబ్బునీళ్లలో ఉతుకుతున్నారు. మెకానిక్ అయిన ఆమె అన్న ఇంజనాయిల్ మారుస్తున్నాడు.

"సీటూ అంతే, నా కొలతలకి కుట్టినట్టుంది. కొన్ననాటి నుంచి అంగుళం జరపలేదు. నా పొడుగు మనిషే కూర్చునేదేమో!"

అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆమె బెల్టు చివర కుట్టిన చీటీ మీది తేదీ చదివాడు. తర్వాత మిగతా మూడూ చూశాడు.

"బావా, అమ్మినవాడు ఏం చెప్పాడు?"

"గీత కూడా పడని బండన్నాడు. ఏం?"

"ఆ మూడూ బండితో పుట్టినవి. ఇది నిరుడు వేసింది."

"కొత్తదైతే మంచిదేగా!" అంది చెల్లెలు.

"బండి గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఆపిన బెల్టు మళ్లీ పనికిరాదమ్మా. మార్చేస్తారు."

ఆమె చేతిలోని బెల్టు బకెట్‌లోకి జారిపోయింది.

"ఆపింది కదా... అయితే ఈ సీట్లో కూర్చున్నావిడ బతికే ఉంటుందిగా?"

అన్న బకెట్ నీళ్లు పారబోశాడు.

బెల్టులు ఆరాక భర్త కారు స్టార్ట్ చేశాడు. "ఎక్కు, ఒక చుట్టు తిరిగొద్దాం."

ఆమె తలుపు తీసింది కానీ ఎక్కలేదు. వంగి, ఖాళీ సీటును చివరిదాకా వెనక్కి జరిపింది.

"ఇరుకుగా ఉందా?"

"నాక్కాదు," అంది, తలుపు అలాగే తెరిచి పట్టుకుని. "ఆవిడ దిగాలి కదా."