అర అంగుళం

"చేతులు వదులుగా దించండి టీచరమ్మా," అంటూ టైలరు భార్య టేపు సవరించింది. ఆడవాళ్ల కొలతలు ఆవిడే తీస్తుంది. టైలరు బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటాడు.

"భుజం పదిహేను. ఎడమ భుజం అర అంగుళం కిందికి."

"అది నాకు చెప్పాలా?" అని నవ్వాడు టైలరు. అతను మనుషుల పేర్లు మరిచిపోతాడు గానీ కొలతలు మరవడు. అతని దగ్గర కుట్టించుకునేవాళ్లలో అలా ఒక భుజం వాలినది ఈవిడ ఒక్కరికే.

"ముప్పై ఏళ్లుగా మీ నోటు పుస్తకాలన్నీ ఇంటికి మోసిన భుజంరా ఇది," అంది టీచరమ్మ. "అంగుళమంటే ఎంతో నీకు నేర్పేసరికి నా స్కేళ్లు రెండు విరిగాయి. సరే గానీ, కూపను ఫారం నింపావా?"

టైలరు నవ్వు ఆగిపోయింది.

ప్రభుత్వం ఆ ఏడాది ఇంటింటికీ చదువు కూపన్లు పంచింది. నచ్చిన బడిలో కూపను ఇస్తే చాలు, ఫీజు సర్కారే కడుతుంది. 'ఎంపిక మీదే' అని దాని మీద కొట్టొచ్చినట్టు కనబడేలా అచ్చు వేశారు. అది చేతికొచ్చిన రోజు నుంచి, దుకాణం ఎదురుగా ఉన్న సర్కారు బడిలోంచి పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు.

"ఇరవై మంది మిగిలారు," అంది టీచరమ్మ. "ఒక్కరు తగ్గినా బడి మూసేస్తారట. నీ కూతురు ఉంటే బడి ఉంటుంది. జాకెట్టు సాకేరా, ఇది అడగడానికే వచ్చాను."

"ఆలోచిస్తాను టీచరమ్మా," అన్నాడు టైలరు, చీటీ వంక చూస్తూ.

ఆమె మెట్లు దిగగానే భార్య అందుకుంది. "పిల్ల ఆవిడ దగ్గర హాయిగా చదువుకుంటోంది కదయ్యా. బడి చూస్తే ఎదురుగానే. గంట కొట్టాక బయల్దేరినా అందుతుంది."

"ఎదురుగా ఉన్నదాన్నే తీసుకుంటే దాన్ని ఎంపిక అంటారా?"

"మరి నన్నెందుకు చేసుకున్నావు? పక్కింటి పిల్లనేగా!"

టైలరు మిషను తొక్కడం మొదలుపెట్టాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న మాటను అతను చిన్నప్పుడే ఒంటబట్టించుకున్నాడు. ఆ మాట నేర్పిందీ టీచరమ్మే.

మర్నాడు ఊరి చివరి అద్దాల బడి మేనేజరు టై బిగించుకుని వచ్చాడు. "మాస్టారూ, మా దగ్గర టీచర్లను జల్లెడ పట్టి మరీ తీసుకుంటాం. మీ కూపను మాకిస్తే, మా యూనిఫారాలు కుట్టే పని మీకే."

"అక్కడ మా టీచరమ్మ ఉంటుందా?" అని కూతురు తలుపు చాటు నుంచి అడిగింది.

"అంతకంటే గొప్పవాళ్లుంటారమ్మా," అన్నాడు టైలరు. అని, సంతకం పెట్టేశాడు.

నెల తిరక్కుండానే ఎదురు బడికి తాళం పడింది, టీచరమ్మ ఉద్యోగమూ పోయింది. తాళం వేసింది టీచరమ్మే. అప్పుడు టైలరు తలెత్తి అటు చూడలేకపోయాడు. ఆమె జాకెట్టు కుట్టి హ్యాంగరుకు తగిలించాడు. తీసుకెళ్లడానికి ఆమె రాలేదు. ఎక్కడికి వెళ్లిందో ఎవరికీ తెలీదు. దుమ్ము దులిపినప్పుడల్లా భార్య దాన్ని చూసి ముక్కు చీదేది.

కూతురు తెల్లవారుజామునే లేచి, ఊరంతా తిరిగే బడి బస్సులో గంట సేపు కునికిపాట్లు పడుతూ వెళ్లొస్తోంది. అక్కడ తను చదివే మూడో క్లాసుకు ఇంకా టీచరే రాలేదు. పిల్లలు రోజంతా బొమ్మలకు రంగులు వేస్తున్నారు.

"మంచి టీచరంటే దారిన దొరుకుతారా? టైము పడుతుంది," అని టైలరు భార్యకు సర్దిచెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అతని కళ్లు హ్యాంగరు వైపు పోయేవి కావు.

శనివారం మేనేజరు నీలం గుడ్డ తాను దింపించాడు. "మా టీచర్ల జాకెట్లకు మాస్టారూ. కొలతలు వాళ్లే చెప్పారు, నేను రాసుకొచ్చాను. చీటీల మీద పేర్లుండవు, క్లాసు నంబర్లే ఉంటాయి."

"మా పిల్ల క్లాసుకు టీచరు దొరికారా?"

"దొరకడమా! ఏరి కోరి తెచ్చుకున్నాం. లెక్కలు చెప్పడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఇంకో రెండు బడులు పోటీకొస్తే, చివరికి మాకు దక్కారు. సోమవారం చేరుతున్నారు."

మేనేజరు వెళ్లాక టైలరు చాలా రోజుల తర్వాత మీసం దువ్వుకున్నాడు. మనసులోని బరువు దిగినట్టయింది.

"విన్నావా? ఇలాంటి టీచరు ఎదురు బడిలో ఉంటే దొరికేదా? ఎంపికంటే ఇదీ! ముందు ఆవిడ జాకెట్టే కత్తిరిస్తాను. చదువు."

భార్య చీటీల్లోంచి మూడో క్లాసుది వెతికి తీసింది. "పొడుగు పద్నాలుగు. భుజం పదిహేను..." అని ఆగిపోయింది.

"ఆగావేం? చదువు," అన్నాడు టైలరు, కత్తెర తెరిచి గుడ్డ మీద ఆనిస్తూ.

"ఎడమ భుజం అర అంగుళం కిందికి."