అవ్వ చేతి వినాయకుడు

వాట్సాప్‌లో ముగ్గురు అవ్వల ఫోటోలు వచ్చాయి.

అనూష మూడింటినీ పెద్దవి చేసి చూసింది. మొదటి అవ్వకు ముందు పళ్లు లేవు. రెండో అవ్వ ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుంది. మూడో ఆమె బాగుంది. పట్టుచీర, బంగారు రంగు కళ్లద్దాలు, నెరిసిన ముడిలో కనకాంబరాలు. అవ్వంటే ఇలా ఉండాలి అనిపించింది.

వెంటనే కుప్పంలో ఈవెంట్లు చేసే శివకుమార్‌కు ఫోన్ చేసింది.

"ఈ మూడో ఆమెను ఖాయం చేయండి."

"సరస్వతమ్మనా మేడం? మంచి సెలెక్షన్. మాట బాగుంటాది. మట్టి పని మటుకు అంతంత మాత్రమే. ఇంకొకామె ఉండాది, చెయ్యి పెడితే బొమ్మ లేసి కూసుంటాది. ఆ పొద్దుకు ఆమెను ఎవరో ముందే బుక్ చేసేసినారు."

"పర్వాలేదు. ఫోటోలో బాగుండాల, అంతే."

సంగతేమిటంటే, మదనపల్లెలో కూతురు రూప చదివే ఇంటర్నేషనల్ స్కూలుకు ఉన్నట్టుండి సంస్కృతి గుర్తొచ్చింది. దాని బస్సు పక్కనున్న అంగళ్లు ఊరి దాకా పోతుంది, అంతవరకే ఆ ఇంటర్నేషనల్. చవితికి ముందు శనివారం 'అవ్వ చేతి వినాయకుడు' అని పోటీ పెట్టారు. అవ్వ, మనవరాలో మనవడో పక్కపక్కన కూర్చుని, అక్కడికక్కడే మట్టితో బొమ్మ చేయాలి. గెలిచిన జంట ఫోటో స్కూలు క్యాలెండర్ మీద వేస్తారు. ఆ క్యాలెండర్ తెలిసినవాళ్లందరి హాల్లో ఏడాది పొడుగునా వేలాడుతుంది. అనూషకు వారం నుంచి అన్నం సయించడం లేదు.

తొమ్మిదేళ్ల రూప మాత్రం ఒకటే అడిగింది.

"మా, మన సిద్దవ్వను పిలుచుకుందాం. ఎండాకాలం సెలవుల్లో నాకంతా నేర్పించింది గదా. ఎలుకకు మెలి తిప్పిన తోక కూడా పెడతాది."

సిద్దవ్వ అంటే అనూష మొగుడు నాగేంద్ర తల్లి సిద్దమ్మ. పుంగనూరు పక్క పల్లెలో ఉంటుంది. వక్కాకు నములుతుంది. నూలు చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి కూర్చుంటుంది. మైకిస్తే ఏం మాట్లాడుతుందో ఆ వినాయకుడికే తెలియాలి.

"ఆమెకు స్టేజి అలవాటు లేదులే బంగారూ," అంది అనూష. "ఆ పొద్దు సరస్వతమ్మే నీకు అవ్వ. ఆడ ఇంకెవరినన్నా అవ్వా అని పిలిస్తివో, సూడు."

పండగ ముందు సిద్దమ్మ రావడం మామూలే కాబట్టి ఆపే పని నాగేంద్ర మీద పడింది. టమోటా మండీలో తెల్లారకముందే గొంతు చించుకునే మనిషి. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతు తేనెలా కారుతుంది.

"మా, శనివారం మేము ఊళ్లో ఉండము. నువ్వు ఊరికే అంత దూరం రావద్దులే. పండగ అయినాక నేనే వచ్చి పిలుచుకొస్తా."

"సరేలేప్పా," అంది సిద్దమ్మ. "నాకూ శనివారం తీరదు."

"తీరదంట," అని అనూష నవ్వింది. "పల్లెలో ఆమెకు ఏం మీటింగులుండాయో. కోపమొచ్చినట్టుండాది మీయమ్మకు."

శనివారం వచ్చింది. స్కూలు ఆవరణలో షామియానా కింద ఇరవై బల్లలు వేశారు. ఒక్కో బల్ల దగ్గర ఒక అవ్వ, ఒక పాపో బాబో. శివకుమార్ వ్యాను గేటు బయట ఆగి ఉంది. అంత పెద్ద వ్యాను ఎవరెవరి కోసం వచ్చిందని ఏ తల్లీ ఏ తండ్రినీ అడగలేదు.

సరస్వతమ్మ మైకులో అదరగొట్టేసింది. "మా వంశంలో ఏడు తరాలుగా ఈ కళ," అని కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకుంది. ప్రిన్సిపాల్ కూడా ఒత్తుకుంది. ఆ తర్వాత ఏడు తరాల కళాకారిణి బల్ల దగ్గర కూర్చుని, మట్టిని చిటికెన వేలితో తాకి, "దీంట్లో పురుగులుంటాయేమో పాపా," అంది.

పనంతా రూపే చేసింది. పొట్ట ఉండ చేసి, చెవులు అతికించి, గురిగింజలు కళ్లుగా గుచ్చింది. సాయం చేద్దామని సరస్వతమ్మ తొండం పట్టుకుంటే అది ఊడి చేతికొచ్చింది.

పదకొండో బల్ల చుట్టూ జనం మూగారు. ఆ అవ్వ కనిపించడమే లేదు. "ఏం చెయ్యబ్బా, వెన్న పిసికినట్టు పిసకతాండాది," అంటున్నారు చూసి వచ్చినవాళ్లు. రూప కూడా బల్లల సందులోంచి అటే చూస్తోంది. ముఖమంతా నవ్వు.

"మా, ఆడ సూడు..."

"పక్కోళ్లది సూడొద్దు. నీది నువ్వు సెయ్," అని అనూష ఆ పిల్ల గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. "ఎవరినీ పలకరించొద్దని సెప్పినా గదా."

రూప నోరు మూసుకుంది. బుద్ధిమంతురాలు.

అనుకున్నట్టే మొదటి బహుమతి పదకొండో బల్లకు వచ్చింది. అర్చన అనే పాప, వాళ్ల అవ్వ వేదిక ఎక్కారు. అద్దె పట్టుచీర కట్టుకున్న ముసలామె అటు తిరిగి కప్పు అందుకుంటోంది. జడ్జి ఆ బొమ్మను ఎత్తి చూపించాడు.

"మట్టి తెలిసిన చేతులివి. ఇలాంటి అవ్వ ఉండే ఇల్లు పెట్టి పుట్టిన ఇల్లు," అన్నాడు.

నాగేంద్ర అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

అనూషకు ఒళ్లు మండింది. రూపను చెయ్యి పట్టి లాక్కుంటూ నేరుగా శివకుమార్ దగ్గరికి పోయింది.

"ఆమె కూడా మీ వ్యానులో వచ్చినామే గదా?"

"నేను ఆ పొద్దే సెప్తి గదా మేడం. మట్టి పనామె. నెల ముందే బుక్కయిపాయ."

"వచ్చే చవితికి ఆమె మాకే కావాల. మళ్లీ ఇంకెవరికో ఇస్తే ఊరుకోను. ఇప్పుడే బుక్ చేసుకోండి."

రూప తల్లి కొంగు పట్టి లాగింది.

"బుక్ చేసేదెందుకు మా, ఆమె మన సిద్దవ్వే గదా."