గాలి డబ్బాలు

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో లారీ ఆగింది. దాని మీద తాళ్లతో కట్టి బోర్లించిన చెక్కపడవ ఒకటి ఉంది.

వెనకే సైకిలు మీద వచ్చిన మనిషి కిందికి దిగాడు. అరవై ఏళ్లుంటాయి. ఖాకీ చొక్కా నిండా రంపప్పొట్టు.

"ఎవ్వరిది సేట్ గీ పడవ?"

"నాదే," అన్నాడు ముందు సీట్లో ఉన్న అమరనాథ్.

"అడుగు చెక్కలు పాతవడ్డయి. నేను బాగు చేస్త. వడ్రంగం పని నాది. పేరు దుర్గయ్య."

"పడవ పని తెలుసా?"

"తెలుసు."

దుర్గయ్య సైకిలు స్టాండు వేసి, పడవ అంచు తడిమి చూశాడు.

అమరనాథ్ వాళ్లది చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణం. తాతల నాటి వ్యాపారం. ఆ ఇంట్లో నీళ్ల మీద మనసు పడింది అతనొక్కడికే. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. అక్కడ రెండు కప్పులు గెలిచాక చెరువు చిన్నదిగా కనిపించింది. రెండు నెలల్లో విశాఖలో సముద్రం మీద పందెం. దాని కోసమే ఈ పాత పడవ కొన్నాడు.

అమరనాథ్ వాళ్ల గోదాము వెనక పని మొదలైంది.

దుర్గయ్య ఒక్కో చెక్కనూ సుత్తి కామతో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

"డాక్టర్ లెక్క నాడి చూస్తుండు," అని నవ్వాడు సీతారాం. పందెంలో అమరనాథ్‌కు జోడీ అతనే.

ఒకరోజు దుర్గయ్య ఇద్దరిచేతా లైఫ్ జాకెట్లు తొడిగించాడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజి చూశాడు.

"నీది వదులున్నది. నీళ్లల్ల వడితే ఇది మీదికి తేల్తది, నువ్వు కిందికి పోతవు," అన్నాడు సీతారాంతో. పట్టీలు ఊడదీసి, ఆ సాయంత్రమే మళ్లీ కుట్టించి తెచ్చాడు.

"పడవల నీళ్లు నిండితే ఎట్ల సేట్?"

"తోడి పోస్తం."

"మొత్తం నిండితే?"

"గంటన్నర పందెం దుర్గయ్యా. గంత ఫికర్ ఎందుకు?"

బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు అమరనాథ్ పడవ లోపలికి వంగి చూశాడు. ముందు నాలుగు, వెనక నాలుగు ఖాళీ నూనె డబ్బాలు. మూతలు టంకంతో మూసేసి, ఇనుప పట్టీలతో బిగించి ఉన్నాయి.

"ఏంది ఇవి?"

"గాలి డబ్బాలు. నీళ్లు నిండినా పడవ మునగది."

"పది కిలోల బరువు పెరిగింది. గింత బరువుతోని పందెం గెలుస్తమా? తీసెయ్."

"తీయను సేట్."

"పడవ నీదా, నాదా?"

"పడవ నీదే. దాంట్ల కూసునేది ఇద్దరు."

అమరనాథ్‌కు ఒళ్లు మండింది.

"రేపటి సంది రాకు."

దుర్గయ్య పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. గేటు దాకా పోయి, వెనక్కి వచ్చి చేతులు జోడించాడు.

"ముంగటియి తీస్తే తియ్యి. ఎనకయి ఉండనియ్యి సేట్. నీ కాళ్లు మొక్కుత."

అమరనాథ్ గేటు వైపు చెయ్యి చూపించాడు. ముందున్న నాలుగు డబ్బాలూ ఆ పూటే ఊడబెరికించాడు. వెనకవాటికి చెక్క అడ్డం ఉంది. దాన్ని కోస్తే మళ్లీ బిగించే వడ్రంగి లేక వదిలేశాడు.

విశాఖలో పందెం మొదలైన ముప్పావుగంటకు గాలి తిరిగింది. చూస్తుండగానే అలలు మనిషెత్తు లేచాయి. పడవ పక్కకు ఒరిగి తలకిందులైంది. ఇద్దరూ కలిసి దాన్ని లేపారు గానీ, అప్పటికే అంచుల దాకా నీళ్లు. ముక్కు మెల్లగా కిందికి దిగిపోయింది.

వెనక భాగం మాత్రం మునగలేదు.

మూడు గంటలు ఇద్దరూ దాన్నే కరుచుకుని ఉన్నారు. సీతారాం చేతులు పట్టు తప్పుతుంటే జాకెట్ పట్టీ పట్టుకుని పైకి లాగాడు అమరనాథ్. చివరికి జాలర్ల పడవ వచ్చి చేరింది.

అదే గాలికి ఇంకో పడవ మునిగింది. అందులో ఉన్న ఇద్దరిలో ఒకరు దొరకలేదు.

ఐదు రోజుల తర్వాత అమరనాథ్ హైదరాబాదు చేరాడు. ఇంటికి కూడా పోకుండా చాంద్రాయణగుట్టలో ఉన్న వడ్రంగి దుకాణాలన్నీ తిరిగాడు. దుర్గయ్య ఇల్లు ఎక్కడో ఇన్నాళ్లూ అడగనే లేదని అప్పుడు తట్టింది.

గల్లీ చివర రేకుల ఇల్లు. దుర్గయ్య భార్య ఆగమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"పోయి మూడు దినాలాయె బిడ్డా. ఛాతిల నొప్పని కూసున్నడు, మల్ల లేవలే."

అమరనాథ్ చెప్పులు విడిచి అరుగు పక్కన కూర్చున్నాడు.

"సముద్రంల పడవలు మునిగినయని రేడియోల చెప్పిండ్రు. పేర్లు చెప్పలే. అప్పటి సంది మెతుకు ముట్టలే."

"మేం బతికినమని తెల్వదా?"

"తెల్వదు."



"ఆయన డబ్బాలు పెట్టవట్టే బతికినం అమ్మా," అన్నాడు అమరనాథ్. "నేనే వెళ్లగొట్టిన. గంత పెద్ద పనోడని తెల్వక."

ఆగమ్మ తల అడ్డంగా ఊపింది.

"పెద్ద పనోడేం కాదు బిడ్డా. ఈ వడ్రంగం కన్న ముందుగాల కృష్ణ ఒడ్డున మా ఊరి రేవుల పడవ నడిపేటోడు. సంత దినం పడవ మునిగి పదకొండు మంది పోయిండ్రు. మూడేండ్లు జైలుల ఉండొచ్చిండు."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"అడుగు చెక్క పలిగిందని పొద్దుగాల్నే చూసిండు, ఒక్క దినానికి ఏమైతదని జనాన్ని ఎక్కించిండు, ఆ పదకొండు మందిల మా ఇద్దరు బిడ్డలు గూడ ఉండిరి."