బెల్లం చేసిన పని

తెల్లారితే చాలు, ముందుగదిలోంచి డేనియల్ మాస్టారి పిలుపు వినబడేది.

"అమ్మా రూతూ, నీ పిల్లి మళ్లీ పక్క తడిపేసిందమ్మా."

రూతు చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. అప్పటికే దుప్పటి ఫినాయిల్ నీళ్ల బకెట్లో మునిగి ఉండేది. కోడలికి ఆ కంపు తగలకూడదని మామగారే నానబెట్టేవారు. అంతవరకే. ఉతకడం రూతు వంతు. ముప్పై నాలుగేళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మాస్టారు, జన్మలో చేతిరుమాలు కూడా ఉతికి ఎరుగరు.

పిల్లి పేరు బెల్లం. రంగు అలాంటిది. కళ్లయినా తెరవని కూనగా కాలవ గట్టున దొరికితే, రూతు దూదిని పాలలో ముంచి నోట్లో పిండి బతికించింది. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. "నా కూతురే, ఏం?" అనేది ఎవరైనా నవ్వితే.

రాత్రయితే బెల్లం మాస్టారి కాళ్ల దగ్గరే పడుకునేది. ఆయనంటే దానికంత ఇది. అలాంటిది, రెండు నెలలుగా ఆయన పక్క మీదే ఈ నిర్వాకం.

రూతు భర్త సుకుమార్‌కి ఓపిక చచ్చిపోయింది.

"నాన్నగారికి ఈ వయసులో ఇదేం ఖర్మ? దాన్ని పంటెక్కించి అవతల వదిలేసి రా. పీడా పోతుంది."

నరసాపురంలో వాళ్ల వీధి వాళ్లకి అదో అలవాటు. వద్దనుకున్న పిల్లిని గోనెసంచిలో వేసి, రేవు దాటించే పంటు పడవ మీద గోదావరి దాటించి, సఖినేటిపల్లి రేవులో విడిచిపెడతారు. నీళ్లు దాటిన పిల్లి ఇల్లు పట్టుకోలేదని వాళ్ల నమ్మకం.

"ఒక్క నెల ఆగండి. డాక్టరుకి చూపిస్తాను" అని రూతు భర్త కాళ్లావేళ్లా పడింది. బెల్లాన్ని బుట్టలో పెట్టుకుని భీమవరం బస్సెక్కింది.

పశువుల డాక్టరు చంద్రరావుగారు నిదానస్థుడు. పొట్ట నొక్కి చూశారు, పరీక్షలు చేయించారు.

"దీనికే జబ్బూ లేదమ్మా. ఇసుక తొట్టెలో పోస్తోందా?"

"పోస్తుందండి. అందులోనూ పోస్తుంది, మా మామయ్యగారి పక్క మీదా పోస్తుంది."

"ఇంట్లో ఈమధ్య ఏమైనా మారిందా?"

"మా అత్తయ్యగారు పోయి నాలుగు నెలలైందండి."

"మరింకేం. పిల్లులు కూడా బెంగ పెట్టుకుంటాయి. పొగరనుకుని కొట్టకండి. ఇంకో తొట్టె పెట్టండి. ఓ పది రోజులు రాత్రిళ్లు ఆ గదిలోకి పోనివ్వకండి. అలవాటు తప్పుతుంది."

రూతు రెండో తొట్టె కొంది. రాత్రి బెల్లాన్ని వంటింట్లో పెట్టి గడియ వేసింది. మర్నాడు పిలుపు లేదు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాలనుకుంది కూడా.

ఆ మర్నాడు మళ్లీ పిలుపు.

"వంటింట్లో ఉండాలి కదండీ, గడియెవరు తీశారు?"

"నేనేనమ్మా" అన్నారు మాస్టారు తల దించుకుని. "పాపం తలుపు గీరుతోంటే మనసొప్పలేదు."

గడియ వేయడం రూతు పని, తీయడం మాస్టారి పని అయింది. ఎంత చెప్పినా ఆయన మనసు గట్టిపడలేదు. ఈ పెద్దాయన జాలి చూసి రూతుకి కళ్లు చెమర్చాయి. బెల్లం మీద మాత్రం ఒళ్లు మండింది. తలుపు తీసి పిలిచి పడుకోబెట్టుకున్న మనిషి పక్క మీదే పోస్తుందా?

నెల నిండింది. సుకుమార్ ఏమీ అనకముందే రూతు గోనెసంచి తీసింది.

"పాలు పట్టి పెంచినందుకు బాగానే బుద్ధి చెప్పావే. నా మాటకి ఈ ఇంట్లో విలువ లేకుండా చేశావు" అంది. బెల్లం ఆమె చెయ్యి నాకి, పిలిస్తే వచ్చినట్టే సంచిలోకి వెళ్లింది.

పంటు మీద అంత రొదలోనూ సంచి కదల్లేదు. పైన రూతు చెయ్యి ఉంది కదా. అవతలి రేవులో మూతి విప్పితే బయటికొచ్చి, కొత్త చోటు చూసి బెదిరి, ఆమె కాళ్ల మధ్య దూరింది. రూతు విదిలించుకుని తిరుగు పంటెక్కింది. వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోతానని తెలుసు.

ఇంటికొచ్చి మామగారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"నా పిల్లి మూలాన ఇన్నాళ్లూ అవస్థ పడ్డారు. క్షమించండి మామయ్యగారూ."

"నోరులేని జీవమమ్మా, దానికేం తెలుసు" అన్నారు మాస్టారు గోడకేసి చూస్తూ. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. రూతూ తినలేదు.

మర్నాడు పొద్దున ఆమె పెరటి తలుపు తీసేసరికి, బోరింగు పక్కన మాస్టారు అటూ ఇటూ చూసుకుంటూ, తన దుప్పటి తానే ఉతుక్కుంటున్నారు.